ఇద్దరూ రాలేదు.. అంటే ఎంతమంది వచ్చినట్టు?

"ఇద్దరూ రాలేదు" అని ఎవరైనా అంటే మీకేమర్థమవుతుంది? ఒక్కరు కూడా రాలేదనే కదా. మామూలుగా అయితే అంతే. కానీ అదే మాటని "ఇద్దరూ రాలేదు, ఒక్కడే వచ్చాడు" అని కాస్త ఒత్తి పలికారనుకోండి, లెక్క మారిపోయింది. "అందరూ రాలేదు" అన్నా ఇదే తంతు. ఎవరూ రాలేదనీ అనుకోవచ్చు, కొందరే వచ్చారనీ అనుకోవచ్చు.

మనుషుల మధ్య ఇది పెద్ద ఇబ్బందేం కాదు. అనుమానం వస్తే "అంటే ఒక్కరూ రాలేదా?" అని ఇంకోసారి అడుగుతాం. కంప్యూటరు అడగదు. దానికి గొంతులో ఒత్తు వినబడదు. మనం ఏది రాస్తే అది చేసుకుపోతుంది, అంతే.

లాజికల్ ఆపరేటర్లు అనగానే మన ఇంజనీర్లకి గుర్తొచ్చేది మొదటి సంవత్సరం పుస్తకంలో రెండు పేజీలు. && అంటే రెండూ నిజమైతేనే నిజం. || అంటే ఏ ఒక్కటి నిజమైనా నిజం. ! అంటే తిరగెయ్యడం. నాలుగు వరసల ట్రూత్ టేబుల్, పరీక్షలో నాలుగు మార్కులు, అయిపోయింది. అంతకుమించి అందులో ఏముందని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

నేననేదేమిటంటే, ఆ పట్టిక ఈ పనిలో అన్నిటికన్నా తేలిక భాగం. దాన్ని ఇంటర్ చదివే పిల్లాడు పది నిమిషాల్లో పట్టేస్తాడు. కష్టమంతా మనిషి చెప్పిన వాక్యాన్ని ఆ మూడు గుర్తుల్లోకి మార్చడంలో ఉంది. దాన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు. పోనీ తప్పు రాస్తే కంపైలరు పట్టుకుంటుందా అంటే అదీ లేదు. && బదులు || రాసినా, || బదులు && రాసినా రెండూ చక్కగా కంపైల్ అవుతాయి. ప్రోగ్రాము ఆగదు, కూలదు, ఎర్ర అక్షరాలేవీ కనబడవు. ఎవరికో రావలసినది రాదు, లేదా రాకూడనిది వస్తుంది. ఆ "ఎవరో" మాత్రం ఎప్పుడూ కోడు రాసినవాడు కాదు.

ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. "విద్యార్థులకు మరియు వృద్ధులకు టిక్కెట్టులో రాయితీ కలదు" అని ఒక బోర్డు ఉందనుకోండి. దీన్ని కోడులో పెట్టాలి. వాక్యంలో "మరియు" ఉంది కదా అని (విద్యార్థి && వృద్ధుడు) అని రాశారో, ముసలితనంలో కాలేజీలో చేరిన తాతగారికి తప్ప ఇంకెవరికీ రాయితీ దొరకదు. అక్కడ రాయాల్సింది ||.

ఎందుకిలా? వాక్యం గుంపుల గురించి మాట్లాడుతోంది. ఒక గుంపు, దానికి ఇంకో గుంపు కలిపి, ఇద్దరికీ ఇస్తాం అంటోంది. కోడు అలా కాదు, ఒక్క మనిషిని ఎదురుగా నిలబెట్టి "నువ్వెవరు?" అని అడుగుతోంది. గుంపుల్ని కలిపే "మరియు", ఒక మనిషి దగ్గరికొచ్చేసరికి "లేదా" అయిపోతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం బగ్గులు పోతాయని నా నమ్మకం.

"లేదా" సంగతీ అంతే. "ఆధార్ కార్డు లేదా రేషన్ కార్డు తీసుకురండి" అంటే రెండూ తెచ్చినవాణ్ణి వెనక్కి పంపరు కదా. కానీ "కాఫీ తాగుతారా, టీ తాగుతారా?" అన్నప్పుడు "రెండూ" అంటే ఇంటివాళ్ళు వింతగా చూస్తారు. మొదటిది మామూలు ||. రెండోది రెండింట్లో కచ్చితంగా ఒకటే, దాన్ని ఎక్స్ఓఆర్ అంటాం. వాక్యంలో మాట ఒకటే, ఆపరేటర్లు రెండు. ఏది కావాలో ఆ మాట చెప్పదు, ఆ సందర్భం చెబుతుంది.

ఇప్పుడో తమాషా చూడండి. నిజానికి ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, మనం వాడుకోవట్లేదు గానీ. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో "మరియు" అనే మాటే లేదు. మీ అమ్మగారు ఎప్పుడైనా "ఉప్పు మరియు కారం వేశావా?" అని అడిగారా? "ఉప్పూ కారమూ వేశావా?" అంటారు. చివరి అచ్చుని సాగదీస్తే చాలు, అదే మన ఆండ్. "ఉప్పో కారమో ఏదో తక్కువైంది" అంటారు. చివర ఓ తగిలిస్తే అదే మన ఆర్.

అంతటితో ఆగలేదు. ఆ ఊ, ఓ లనే తీసుకెళ్ళి "ఎవరు" అనే ప్రశ్నకీ, గుంపులకీ తగిలిస్తాం. "ఎవరో వచ్చారు" అంటే ఆయనో ఈయనో ఇంకొకాయనో, మొత్తానికి ఒకరు. అది గొలుసు కట్టిన ఆర్. "ముగ్గురూ వచ్చారు", "అందరూ వచ్చారు" అంటే ఆయనా ఈయనా ఇంకొకాయనా. అది గొలుసు కట్టిన ఆండ్. పైథాన్ లాంటి భాషల్లో ఎనీ, ఆల్ అని రెండు ఫంక్షన్లున్నాయి చూశారూ, అవి చేసేది సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో ఆండ్ కీ ఆల్ కీ, ఆర్ కీ సమ్ కీ పైకి కనబడే చుట్టరికం ఏమీ లేదు. తెలుగులో ఒకే అచ్చు రెండు పనులూ చేస్తుంది. మన వ్యాకరణంలోనే ఉన్న విషయాన్ని మనం ఇంగ్లీషు పుస్తకంలో పట్టికగా బట్టీ పడుతున్నామన్నమాట.

ఆ "అన్నీ" అనే మాటలోనే ఒక గొయ్యి కూడా ఉంది. "దరఖాస్తుదారు ఇచ్చిన కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఆమోదించు" అని ఒక నియమం. కోడులో ఆల్ పెట్టి రాశారు. మరి ఒక్క కాగితం కూడా ఇవ్వనివాడి సంగతేమిటి? ఖాళీ జాబితాకి ఆల్ ఎప్పుడూ నిజమనే చెబుతుంది, ఎందుకంటే తప్పని చూపించడానికి అందులో ఒక్క కాగితం కూడా లేదు గనక. అంటే అన్ని కాగితాలూ పెట్టి ఒకదానిమీద సంతకం మర్చిపోయినవాడు తిరిగెళ్ళిపోతాడు, ఖాళీ చేతులతో వచ్చినవాడు దర్జాగా లోపలికెళ్ళిపోతాడు. గణితం ప్రకారం అది తప్పు కాదు. తప్పల్లా వాక్యం రాసినవాడు "కనీసం ఒక కాగితమైనా ఇచ్చి ఉండాలి" అని చెప్పక్కర్లేదనుకోవడంలో ఉంది.

ఇక "కాదు" దగ్గరికొద్దాం. అసలు గొడవలన్నీ ఇక్కడే.

అగస్టస్ డి మోర్గాన్ పేరు కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. ఆయన పుట్టింది 1806లో మన మదురైలో అని ఎంతమందికి తెలుసు? నాన్నగారు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసేవారు. పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం ఇంగ్లాండు వెళ్ళిపోయింది. 1847లో ఆయన ఫార్మల్ లాజిక్ అనే పుస్తకం వేశాడు. అదే సంవత్సరం జార్జ్ బూల్ కూడా తర్కాన్ని బీజగణితంలా రాసే తన మొదటి పుస్తకం వేశాడు. ఇప్పుడు మనం బూలియన్ అనేది ఈయన పేరుమీదే. డి మోర్గాన్ పేరుతో పిలిచే సూత్రాలు రెండు. "క గానీ ఖ గానీ" కాదంటే, కయూ కాదు, ఖయూ కాదు. "కయూ ఖయూ రెండూ" కాదంటే, క అయినా కాదు, ఖ అయినా కాదు. అంటే బ్రాకెట్టు బయటున్న ! ని లోపలికి తెస్తే && కాస్తా || అవుతుంది, || కాస్తా && అవుతుంది.

ఇది కూడా మన వంటింట్లో ఉన్నదే. "అన్నం గానీ పప్పు గానీ లేదు" అంటే "అన్నమూ లేదు, పప్పూ లేదు" అని ఎవరికైనా తెలుసు. అక్కడ ఓ పోయి ఊ వచ్చింది. ఈ మార్పు మాటల్లో ఎంత సహజంగా చేస్తామో, కోడులో అంత సులువుగా మర్చిపోతాం.

నేను పనిచేసిన ఒకచోట, మా పక్క టీములో జరిగిన విషయం చెబుతాను. ఆరోగ్య బీమా క్లెయిములు చూసే సాఫ్ట్‌వేరు అది. "పెండింగులో ఉన్నవాటికి గానీ, తిరస్కరించినవాటికి గానీ ఉత్తరం వెళ్ళకూడదు, మిగతావాటికి 'మీ డబ్బు వస్తోంది' అని ఉత్తరం వెళ్ళాలి" అని క్లయింటు అడిగారు. రాసిన కోడు ఇదీ:

(స్థితి != పెండింగు || స్థితి != తిరస్కృతి) అయితే ఉత్తరం పంపు.

చదవడానికి బాగానే ఉంది కదూ? పెండింగు కాకపోతేనో, తిరస్కృతి కాకపోతేనో పంపు. కానీ ఒకసారి ఆలోచించండి. ఒక క్లెయిము ఒకేసారి పెండింగూ తిరస్కృతీ రెండూ అవ్వదు. కనక రెంటిలో ఏదో ఒకటి ఎప్పుడూ "కాదు". అంటే ఈ షరతు ఎప్పుడూ నిజమే! అసలు షరతే లేనట్టు లెక్క. అక్కడుండాల్సింది &&.

టెస్టింగులో దొరకలేదా అంటారేమో. ఆమోదించిన క్లెయిము పెట్టి చూశారు, ఉత్తరం వచ్చింది, పాస్ అన్నారు. ఎవరికి వెళ్ళాలో వాళ్ళకి వెళ్తోందా అని చూశారు గానీ, ఎవరికి వెళ్ళకూడదో వాళ్ళకి ఆగుతోందా అని ఎవరూ చూడలేదు. తిరస్కరించిన క్లెయిముల వాళ్ళందరికీ డబ్బు వస్తోందని ఉత్తరాలెళ్ళాయి. ఆ ఉత్తరం చూసుకుని ఆసుపత్రి బిల్లుకి బయట అప్పు చేసినవాళ్ళు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. ఆఫీసులో మాత్రం దాన్ని "ఒక్క లైను ఫిక్స్" అన్నారు. నిజమే, రెండు అక్షరాలు మారాయంతే. అప్పు చేసినవాళ్ళకి అది రెండు అక్షరాల సంగతి కాదు కదా.

ఇది కోడు రాసేవాళ్ళ తిప్పలే అనుకోకండి. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఇదే ప్రశ్న. 2018లో అక్కడ ఫస్ట్ స్టెప్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. మాదకద్రవ్యాల కేసుల్లో చట్టం చెప్పిన కనీస శిక్షకన్నా తక్కువ వేసే వీలు జడ్జీకి ఎప్పుడుంటుందో చెప్పే షరతుని అందులో సవరించారు. పాత నేరాలకి అక్కడ పాయింట్ల లెక్క ఉంది. ముద్దాయికి ఆ లెక్కకి సంబంధించిన క, ఖ, మరియు గ ఉండకూడదు.. స్థూలంగా వాక్యం ఇదీ. ఇప్పుడు చెప్పండి, మూడూ కలిసి ఉంటేనే కుదరదా? లేక మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా కుదరదా?

మన భాషలో అయితే !(క && ఖ && గ) నా, లేక (!క && !ఖ && !గ) నా అని. 2024 మార్చిలో పల్సిఫర్ కేసులో తీర్పొచ్చింది. ఆరుగురు జడ్జీలు రెండోదే సరైందన్నారు, ఏ ఒక్కటి ఉన్నా మినహాయింపు లేదు. తీర్పు రాసింది జస్టిస్ కాగన్. ముగ్గురు మొదటిదే సరైందన్నారు, వాళ్ళ తరఫున రాసింది జస్టిస్ గోర్సచ్. అంత పెద్ద కోర్టు 6-3 గా చీలిపోయింది, ఒక "మరియు" దగ్గర. మొదటి అర్థం తీసుకుని ఉంటే శిక్ష తగ్గించమని అడిగే అవకాశం చాలామంది ఖైదీలకి దొరికేది. చట్టం రాసేవాళ్ళకి బ్రాకెట్లు పెట్టే అలవాటుంటే ఆ కేసే ఉండేది కాదు. మనకి ఆ బ్రాకెట్లున్నాయి. ఉండీ వాడకపోతే ఏమనాలి?

బ్రాకెట్లంటే గుర్తొచ్చింది. మన బస్సు రాయితీకే ఇంకో షరతు చేర్చి చూడండి. విద్యార్థి గానీ వృద్ధుడు గానీ అయి ఉండాలి, గుర్తింపు కార్డు కూడా ఉండాలి. బ్రాకెట్లు లేకుండా (విద్యార్థి || వృద్ధుడు && కార్డు) అని రాసేస్తే? చాలా భాషల్లో && ముందు అంటుకుంటుంది, || తర్వాత. కనక వృద్ధుడికే కార్డు కావాలి, విద్యార్థినని నోటితో చెబితే చాలు. రాసినవాడి మనసులో ఉన్నది వేరు, యంత్రం చదివింది వేరు.

ఏది ముందు ఏది తర్వాత అనే ఈ వరస దేవుడు పెట్టిందేం కాదు, మనుషులే పెట్టారు, కొన్నిచోట్ల తెలిసే తప్పుగా వదిలేశారు. సీ భాషకి ముందున్న బీ భాషలో && లేదు, అన్నిటికీ & ఒక్కటే. ఆలన్ స్నైడర్ సూచనమీద సీ లో && ని, || ని విడిగా తెచ్చారు. అలా విడదీశాక & ని == కన్నా ముందు అంటుకునేలా మార్చాల్సింది. కానీ అప్పటికే రాసి ఉన్న కోడు చెడిపోతుందని పాత వరసే ఉంచేశామని డెన్నిస్ రిచీయే తర్వాత చెప్పుకున్నాడు. అందుకే సీ లో (ఫ్లాగులు & మాస్కు == 0) అని రాస్తే ఇప్పటికీ ముందు మాస్కుని సున్నాతో పోలుస్తుంది. యాభై ఏళ్ళ కిందటి ఆ నిర్ణయం సీ++ లోకీ, జావాలోకీ వచ్చింది. కాకపోతే జావా కంపైలరు చాలాసార్లు దీన్ని తప్పుపట్టి ఆపేస్తుంది. "నాకు వరస కంఠతా వచ్చు, బ్రాకెట్లు ఎందుకు?" అనేవాళ్ళకి నాదొకటే మాట. మీకొచ్చు సరే, రేపు రాత్రి రెండింటికి ఆ కోడు చూసే మనిషికి రావాలని ఏముంది?

ఇంకో సంగతి. గణితంలో "కయూ ఖయూ" అన్నా "ఖయూ కయూ" అన్నా ఒకటే. ప్రోగ్రామింగులో ఒకటి కాదు. సీ, జావా, పైథాన్ లాంటి భాషల్లో && ఎడమవైపుది అబద్ధమని తేలితే కుడివైపుకి అసలు వెళ్ళనే వెళ్ళదు. దీనివల్లే (జాబితా ఖాళీ కాదు && జాబితాలో మొదటిది పెద్దది) అని ధైర్యంగా రాయగలుగుతున్నాం. నుయ్యి ఉందో లేదో చూసి అడుగెయ్యి అన్నట్టు. తిరగేసి రాస్తే అడుగేశాక చూసినట్టు. అన్ని భాషలూ ఇలా ఉండవు కూడా. పాత విజువల్ బేసిక్‌లో ఆండ్ రెండువైపులా లెక్కకట్టేది. 2002లో వచ్చిన విజువల్ బేసిక్ డాట్‌నెట్‌లో ఎడమవైపు చూసి ఆగేవి కావాలని ఆండ్‌ఆల్సో, ఆర్‌ఎల్స్ అని కొత్తగా చేర్చారు.

ఈ ఆగిపోయే గుణాన్ని ఒక దొంగ ఎంత తెలివిగా వాడుకోవచ్చో 2003 నవంబరులో లోకం చూసింది. లినక్స్ కెర్నెల్ అసలు కోడు అప్పట్లో బిట్‌కీపర్‌లో ఉండేది, దానికి సీవీఎస్‌లో ఒక నకలు ఉండేది. ఎవరో ఆ నకలులోకి చొరబడి వెయిట్4 అనే ఫంక్షన్లో రెండు లైన్లు చేర్చారు. వాటి సారం ఇదీ: (మామూలుగా ఎవరూ కలిపి అడగని రెండు ఫ్లాగులు కలిపి అడిగారు && (యూజరు నంబరు = 0)) అయితే తప్పని చెప్పు.

చూడ్డానికి మామూలు తనిఖీలా లేదూ? కానీ అక్కడున్నది == కాదు, ఒక్క = మాత్రమే. అది పోల్చదు, నంబరుని సున్నా చేసేస్తుంది. లినక్స్‌లో సున్నా నంబరంటే రూట్, సర్వాధికారి. పైగా ఆ సున్నా విలువ అబద్ధం కిందికి వస్తుంది గనక && మొత్తం అబద్ధమై, "తప్పని చెప్పు" అన్న లైను ఎప్పటికీ నడవదు. ఏ చప్పుడూ ఉండదు. ఎడమవైపు ఫ్లాగులు తెలియనివాళ్ళ దగ్గర && కుడివైపుకి వెళ్ళదు కనక ఎవరూ పొరపాటున రూట్ అయిపోరు, గుట్టు బయటపడదు. తాళంచెవి ఉన్నవాడికే తలుపు తెరుచుకుంటుందన్నమాట. అదృష్టం బాగుండి, ఈ మార్పుకి బిట్‌కీపర్‌లో ఆధారం లేదని సరిపోల్చే తనిఖీలో దొరికిపోయింది, అసలు కోడులోకి చేరలేదు.

"నిజం, అబద్ధం రెండే కదా" అనుకునేవాళ్ళు డేటాబేసుల దగ్గర ఇంకోసారి దెబ్బతింటారు. ఎస్‌క్యూఎల్‌లో మూడో విలువ ఉంది. తెలుగులో దానికి చక్కటి పేరుంది, "ఏమో". బకాయి ఉన్నవాళ్ళ జాబితాలో లేనివాళ్ళని తియ్యమని నాట్ ఇన్ పెట్టి అడిగారనుకోండి. ఆ జాబితాలో ఒక్క వరసలో ఖాతా నంబరు ఖాళీగా, అంటే నల్ గా ఉంటే చాలు, జవాబు సున్నా వరసలు. ఎందుకంటే నా నంబరు 10, జాబితాలో 20, 30, నల్ ఉన్నాయి. 10 అనేది 20 కాదా? అవును. 30 కాదా? అవును. ఆ తెలియని నంబరు కాదా? ఏమో! అవునూ, అవునూ, ఏమో కలిపి && చేస్తే ఏమో. కచ్చితంగా "అవును" అంటేనే వరసని బయటికిస్తుంది కనక ఎవరూ రారు. "ఏమో"కి ! పెట్టినా మళ్ళీ "ఏమో"యే. అప్పు లేనివాళ్ళందరికీ అందాల్సినది, ఎవడో ఒకడి ఖాళీ గడివల్ల ఎవరికీ అందదు.

ఇన్ని చెప్పావు, మరేం చెయ్యమంటావు అంటారా? నేను పాటించేవి నాలుగు.

మొదటిది, షరతుని కోడులో రాసే ముందు పైకి తెలుగులో చదవడం. "మరియు", "లేదా" వాడకుండా, ఊ, ఓ, గానీ లతో, ఒక్క మనిషిని ఎదురుగా ఊహించుకుని. "ఈయన విద్యార్థో వృద్ధుడో అయ్యుండి, కార్డు కూడా ఉంటే" అని చదివితే బ్రాకెట్టు ఎక్కడ పెట్టాలో వాక్యమే చెబుతుంది. నవ్వకండి, చేసి చూడండి.

రెండోది, "కాదు"ని గుంపు మీద పెట్టకుండా ఒక్కొక్కదాని మీద పెట్టడం. వీలైతే అసలు లేకుండా రాయడం. "అనర్హుడు కానివాడు కాకపోతే" లాంటి కోడు చూస్తే ఎంతటివాడికైనా తల తిరుగుతుంది. అర్హుడు అని ఒక పేరు పెట్టి, అందులో షరతంతా ఒక్కచోట రాసి, మిగతా అన్నిచోట్లా ఆ పేరే వాడితే సరిపోయె.

మూడోది, అనుమానం ఉన్నా లేకపోయినా బ్రాకెట్లు పెట్టడం. దీనిమీద వాదన అనవసరం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎవరు లోపలికి రావాలో వాళ్ళతోనే కాదు, ఎవరు బయటే ఉండాలో వాళ్ళతో కూడా పరీక్షించడం. విమానాల సాఫ్ట్‌వేరుకి దీనిమీద ఒక కట్టుబాటే ఉంది. 1992లో వచ్చిన డీఓ-178బీ ప్రమాణం ప్రకారం, చెడిపోతే విమానమే కూలిపోయేంత కీలకమైన కోడులో, షరతులోని ప్రతి ముక్కా తనంతట తాను ఫలితాన్ని మార్చగలదని పరీక్షల్లో చూపించాలి. వినడానికి భయంగా ఉంటుంది గానీ, లెక్క చిన్నదే. మన బస్సు షరతులో మూడు ముక్కలున్నాయి. కార్డున్న విద్యార్థి, కార్డున్న వృద్ధుడు, కార్డుండీ ఏదీ కానివాడు, కార్డు లేని విద్యార్థి.. ఈ నలుగురితో సరిపోతుంది. మొదటి ఇద్దరికీ రాయితీ రావాలి, చివరి ఇద్దరికీ రాకూడదు. బ్రాకెట్లు లేని ఆ కోడుని నాలుగోవాడు పట్టిచ్చేస్తాడు. విమానానికి చేసే పని పింఛనుకీ, బీమాకీ, రేషనుకీ ఎందుకు చెయ్యం? కూలినప్పుడు చప్పుడు రాదనా?

ఇప్పుడు కోడంతా ఏఐ రాసిపెడుతోంది కదా, ఈ గోలెందుకని కొందరంటున్నారు. నేనూ వాడుతున్నాను. అది బ్రాకెట్లు మర్చిపోవడం తక్కువే, డి మోర్గాన్ సూత్రం మనకన్నా బాగానే వచ్చు. కానీ దానికి మనమిచ్చేది ఏమిటి? వాక్యమే. "క, ఖ, మరియు గ ఉండకూడదు" అని అడిగితే, తొమ్మిదిమంది జడ్జీలు ఒక మాటకి రాలేని చోట, అది చాలాసార్లు మనల్ని అడక్కుండానే ఒక అర్థం ఎంచుకుని చకచకా రాసేస్తుంది. రాసింది అందంగా కూడా ఉంటుంది. అందులో ఏ అర్థం దూరిందో చూసుకునే పని మాత్రం మనదే. ఇదివరకు కోడు రాసేటప్పుడైనా ఆ షరతు దగ్గర ఒక్క క్షణం ఆగేవాళ్ళం, ఇప్పుడు ఆ క్షణం కూడా పోయింది.

అందుకే కుర్రాళ్ళకి ఇంటర్వ్యూల్లో ట్రూత్ టేబుల్ అడగడం మానేశాను. ఒక సంక్షేమ పథకం అర్హతల పేరా ఇచ్చి, "దీని ప్రకారం ఎవరికి రాదో నలుగుర్ని చెప్పు" అంటాను. "అయ్యా, ఇక్కడ 'మరియు' అంటే రెండూనా, ఏదో ఒకటా?" అని నన్ను తిరిగి ప్రశ్న వేసినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళని మాత్రం వదులుకోను.